లాక్‌డౌన్ నాటి కోపం ఇంకా ఎందుకు చల్లారలేదు?

"పెళ్లై పదకొండేళ్లు. ఆయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2020 జూన్‌లో అక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేసి హనుమకొండలో మా అత్తగారింటికి వచ్చేశాం. అంతకుముందు మేమిద్దరం బాగానే ఉండేవాళ్లం. ఇక్కడ గడిపిన ఆ రెండేళ్లలో ఏదో తెగిపోయింది. ఇప్పుడు ఆయన వారంలో మూడు రోజులు హైదరాబాద్‌లో ఉంటారు. ఆయన లేని రోజుల్లోనే నాకు ఊపిరాడుతుంది. కొట్టడం, తిట్టడం ఎన్నడూ లేదు. కానీ మీటింగులో కూర్చుని టీ కోసం పెన్నుతో బల్ల మీద కొట్టేవారు. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంత చిన్న విషయం ఎందుకు మరిచిపోలేకపోతున్నాను? లాక్‌డౌన్ వల్ల అందరికీ ఇలాగే అయిందా? విడిపోవడమే మేలా?" హనుమకొండ నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరంలోని ముఖ్యమైన మాటలివి.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ చదివాను. ఇరవై రెండేళ్లుగా వరంగల్, హనుమకొండల్లో భార్యాభర్తల మాటలు వినడం, వాళ్ల మధ్య మాట కలపడం నా పని. 2020లో మా కౌన్సెలింగ్ గది మూతపడ్డాక అదే పని ఫోనులో సాగింది. ఇన్నేళ్లు గడిచినా, నా ఎదురుగా కూర్చునే జంటల్లో చాలామంది ఏదో ఒక క్షణాన "కరోనా అప్పటి నుంచి..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మీరు ఆగకుండా రాశారు. అందుకే నేనూ వివరంగానే రాస్తాను.

అందరికీ ఇలాగే అయిందా అని అడిగారు. అందరికీ ఒకేలా కాలేదు. కొన్ని కాపురాలు ఆ రోజుల్లోనే చిగురించాయి. కొన్ని నలిగిపోయాయి. కొన్ని బయటికి బాగానే కనిపిస్తూ లోపల బిగుసుకుపోయాయి. మీది ఈ మూడో రకం. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేదీ ఇదే, చుట్టాలెవరూ పట్టించుకోనిదీ ఇదే. "కొట్టాడా? తాగాడా? మరి నీకేం కష్టం?" అని పెద్దలు అడిగేది మీలాంటి వాళ్లనే.

ఆ రోజులు చాలామంది జ్ఞాపకంలో కలగాపులగమైపోయాయి. ఒకసారి వరుస పెట్టుకుందాం. 2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25న, సరిగ్గా ఉగాది నాడు, దేశమంతా మూతపడింది. ఇరవై ఒక్క రోజులే అన్నారు. ఏప్రిల్ 14 దాటి మే 3 అయింది, మే 17 అయింది, మే 31 అయింది. బడులు అంతకన్నా ముందే, మార్చి 16 నుంచే మూసేశారు. చిన్న తరగతుల పిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది 2021 సెప్టెంబర్ 1న. అంటే మీ పెద్దవాడు ఏడాదిన్నర పాటు మీ కొంగు పట్టుకునే తిరిగాడు. మధ్యలో 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. మొదట్లో ఉదయం ఆరు నుంచి పది వరకే బయటికి వెళ్లనిచ్చేవారు. మీరు "ఆ రెండేళ్లు" అని ఒక్క మాటలో రాసిన దాంట్లో ఇన్ని ఉన్నాయి.

కాపురం నాలుగు గోడల మధ్య నడుస్తుందని అంటారు. నేను చూసినంతలో అది గుమ్మం దగ్గర నడుస్తుంది. పొద్దున డబ్బా చేతికివ్వడం, బండి తాళాలు ఎక్కడని వెతకడం, "జాగ్రత్త" అనడం, సాయంత్రం గేటు చప్పుడు వినబడటం, చెప్పులు విప్పి కాళ్లు కడుక్కుని లోపలికి రావడం. పొద్దున మాటామాటా అనుకుని వెళ్లిన మనిషి సాయంత్రానికి పదిమందిని కలిసి, నాలుగు కబుర్లు మోసుకుని, కొంచెం కొత్త మనిషై వస్తాడు. ఇంట్లో మనిషీ అంతే. బడి గేటు దగ్గర మరో తల్లితో, పాలు తేవడానికి వెళ్లినప్పుడు పక్కింటావిడతో రెండు మాటలు చెప్పుకుని సగం బరువు దించుకుంటుంది. పొద్దుటి గొడవ పొద్దుగూకే సరికి దానంతటదే ఆరిపోయేది. ఎన్నో కాపురాలు సఖ్యతతో నడిచాయని మనం అనుకున్నవి నిజానికి ఈ ఎనిమిది గంటల ఎడంతో నడిచాయి. లాక్‌డౌన్ ఆ ఎడాన్ని తీసేసింది. వెళ్లడం లేదు కాబట్టి రావడమూ లేదు.

మన వైపు ఆడవాళ్లకు ఇంకొక గుమ్మం కూడా ఉంది, తల్లిగారిల్లు. ఉగాదికి కాకపోతే బతుకమ్మకు, బతుకమ్మకు కాకపోతే వేసవి సెలవులకు వెళ్లి పది రోజులు తల్లి చేతి ముద్ద తిని వస్తారు. అక్కడ అమ్మతో చెప్పుకున్న మాటలు అక్కడే వదిలేసి తేలికై తిరిగొస్తారు. 2020లో ఆ దారి కూడా మూసుకుపోయింది. మీ అమ్మగారిది జనగామ, గంట ప్రయాణం. పదహారు నెలలు వెళ్లలేదని రాశారు. ఆ వాక్యం కింద నేను రెండు గీతలు పెట్టుకున్నాను.

ఇక పని సంగతి. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. "చేసే" అన్న మాట గమనించండి. ఆడవాళ్లలో 81 శాతం మంది ఆ పని చేస్తుంటే మగవాళ్లలో దాన్ని ముట్టుకునేది 26 శాతమే. ఇది లాక్‌డౌన్‌కు ముందటి మాట. తర్వాత ఇంట్లో అందరూ ఇరవై నాలుగు గంటలూ ఉన్నారు. పనిమనిషి రాలేదు. మూడు పూటల వంట, మధ్యలో రెండు ఉపాహారాలు, తెచ్చిన ప్రతి కూరగాయనూ ఉప్పునీళ్లలో కడగడం. ఆ రోజుల్లో మగవాళ్లు గరిటె పట్టిన ఫొటోలు ఎన్ని చూశామో. మనసారా సంతోషించినదాన్ని నేను. ఇక మారతారనుకున్నాను. 2024లో అదే లెక్క మళ్లీ తీస్తే ఆడవాళ్ల 299 నిమిషాలు 289కి, మగవాళ్ల 97 నిమిషాలు 88కి తగ్గాయి. గరిటె పాత చేతికే తిరిగొచ్చింది. కాబట్టి మీ ఒంటిలో అలసట ఇంకా మిగిలి ఉందంటే అది మీ ఊహ కాదమ్మా.

ఇప్పుడు ఆ పెన్ను దగ్గరికి వద్దాం. మీరు రాసిన ఆ గది నాకు కళ్లకు కట్టింది. హాల్లో మీ అత్తగారు టీవీ ముందు. మంచం మీద మామగారు. పడకగదిలో పెద్దవాడి ఆన్‌లైన్ క్లాసు, అదీ మీ ఫోనులోనే. భోజనాల బల్ల మీద ఆయన ల్యాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు. చూపు తెర మీద నుంచి కదలదు. పెన్నుతో బల్ల మీద మూడు దెబ్బలు, అంటే టీ. రెండు వేళ్లు పైకి లేపితే నాన్నకు కూడా అని అర్థం. ఒక రోజు లెక్కపెడితే ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మీరు పదకొండు సార్లు లేచారు. ఇదంతా రాసి, చివర్లో మరో మాట రాశారు. గ్లాసు బల్ల మీద పెట్టబోతుంటే, మీ చెయ్యి కెమెరాలో పడకుండా ఆయన ల్యాప్‌టాప్‌ను కొంచెం అటు తిప్పుకున్నారని.

మీ ఒళ్లు మండేది చప్పుడుకు కాదనుకుంటాను, ఆ తిప్పుకోవడానికి. చేతికి పిండి అంటుకుని ఉందనీ, గాజులు మోచేతి దాకా తోసుకుని ఉన్నాయనీ కూడా మీకు గుర్తుంది. మనిషి ఇంత సన్నగా గుర్తుపెట్టుకునేది అవమానాన్నే. టీ అడగడం మామూలే, ఏళ్ల తరబడి పెట్టి ఇచ్చారు. కానీ తన ఉద్యోగ లోకంలో మీ చెయ్యి కూడా కనిపించకూడదని ఆయన అనుకున్నట్టు ఆ క్షణాన మీకు తోచింది. దాన్ని ఐదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే "టీ దగ్గర గొడవా?" అంటారని భయం.

అలాంటి బల్లకు అవతలి వైపు కూర్చున్న మగవాళ్లనూ నేను విన్నాను. కాజీపేట నుంచి ఒకాయన దాదాపు ఏడాది పాటు ఫోను చేసేవారు, ఎప్పుడూ మేడ మీద నుంచే, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి. 2020 ఏప్రిల్‌లో ఆయన జీతంలో నాలుగో వంతు కోశారు. ఐదు నెలలు భార్యకు చెప్పలేదు. తన బృందంలో నలుగురిని తీసేశారు, ఐదోవాడు తానేనని రోజూ అనుకునేవారు. ఒకసారి మీటింగులో వెనక కుక్కర్ కూత వినబడితే పైఅధికారి "మీ ఇంట్లో పండుగా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఎవరు కదిలినా కసిరేవారు. "నా ఇల్లు వాళ్లకు కనబడితే నేను పని చేయడం లేదనుకుంటారని భయమండీ" అన్నారు. ఆయన భార్య మాత్రం ఆయనకు తన మీద విసుగు పుట్టిందని అనుకుంది. ఒకే ఇంట్లో, ఎనిమిది అడుగుల దూరంలో, ఇద్దరూ రెండు వేర్వేరు కథల్లో బతికారు.

మీ వారిదీ ఇదే కథ అని నేను చెప్పలేను. ఆయన్ను నేను వినలేదు. భయం ఉన్నంత మాత్రాన పెన్నుతో భార్యను పిలవడం సరైపోదు కూడా. నేను చెప్పేదల్లా, ఆ కెమెరా ఎందుకు తిప్పారో మీకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. ఐదేళ్లుగా మీరు నమ్ముతున్న జవాబు మీరు రాసుకున్నది.

లాక్‌డౌన్ తర్వాత బాగుపడిన కాపురం ఒకటి చెబుతాను, ఎలా బాగుపడిందో చూడండి. మెట్‌పల్లి వైపు ఒక ఊరు. భర్త పదమూడేళ్లు సౌదీలో. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లేవాడు. 2020 వేసవిలో విమానాలు నడపడం మొదలయ్యాక, పని పోయి ఇంటికి వచ్చాడు. ఈ పదమూడేళ్లలో ఆమె బీడీలు చుట్టింది, మహిళా సంఘంలో అప్పు తీసుకుని తీర్చింది, ఇద్దరు ఆడపిల్లలను చదివించింది, ఇరవై గుంటల పొలం కొన్నది. ఆయన వచ్చిన నెల రోజులకే "నేను పంపిన డబ్బంతా ఏమైంది?" అని లెక్క అడిగాడు. ఆమె నాకు ఫోను చేసి ఏడ్చింది. దొంగను అడిగినట్టు అడిగాడమ్మా అన్నది.

లెక్క రాసి ఉందా అని అడిగాను. ఉంది. సంఘం సమావేశాలకు వెళ్లి అలవాటైంది, పొడుగు నోటుబుక్కులో ప్రతి ఖర్చూ రాసేది. చేతికి ఇచ్చేయమన్నాను. నోటితో ఒక్క మాటా చెప్పొద్దన్నాను. ఆయన మూడు రోజులు వేపచెట్టు కింద కూర్చుని చదివాడు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి, "2016లో నీకు ఆపరేషన్ అయిందా? నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాడు. "అప్పుడు నీకే నాలుగు నెలలుగా జీతం రావడం లేదు కదా" అన్నది ఆమె. ఆ సాయంత్రం నుంచి వాళ్ల మధ్య మాట మొదలైంది. 2021 చివర్లో ఆయన తిరిగి వెళ్లిపోయాడు. ప్రతి శుక్రవారం ఇద్దరూ ఫోనులో ఒకరి లెక్క ఒకరికి చెప్పుకుంటారు. ఆయన కూడా చెబుతాడు, అదీ ముఖ్యం. పోయిన ఏడాది ఆమె కనిపించినప్పుడు కూడా ఆ అలవాటు సాగుతూనే ఉందన్నది.

ఆ నోటుబుక్కులో ఏముంది? తేదీలు, ఖర్చులు. ఆమె ఎంత కష్టపడిందో ఎక్కడా లేదు. "నేను ఇంత చేశాను" అనే మాట వింటే ఎదుటి మనిషి కాచుకుంటాడు. "ఫలానా రోజు ఇది జరిగింది" అంటే వింటాడు. మీకు నేను చెప్పబోయే సలహా అంతా ఈ వేపచెట్టు కింద పుట్టిందే.

అందరి గొడవా మనసుదే కాదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లలో మగ్గం, కాపురం ఎప్పుడూ ఒకే కప్పు కిందే. ఇంట్లో కలిసి ఉండటం వాళ్లకు కొత్త కాదు. నూలు రాక, నేసిన సరుకు కదలక, చేతిలో రూపాయి ఆడక గొడవలు వచ్చాయి. మిర్చి కోతల కాలంలో ఏనుమాముల మార్కెట్ మూతపడితే రైతు ఇళ్లలోనూ అంతే. ప్రభుత్వం నుంచి మనిషికి 12 కిలోల బియ్యం, రేషన్ కార్డుకు 1,500 రూపాయలు అందాయి గానీ అప్పిచ్చినవాడు గుమ్మం ముందు నిలబడితే అవి అడ్డుకోలేదు. పనులు మొదలై చేతిలో డబ్బు ఆడగానే ఆ గొడవల్లో చాలావరకు సద్దుమణిగాయి. మీ ఇంట్లో జీతం ఆగలేదు, అయినా మౌనం మిగిలిందంటే కారణం వేరే చోట ఉంది.

తర్వాతి నాలుగు మాటలు మీకు అవసరం లేనివి, కానీ ఇది చదివే మరొకరికి అవసరం కావచ్చు. 2020 మార్చి 25 నుంచి మే 31 దాకా జాతీయ మహిళా కమిషన్‌కు 1,477 గృహహింస ఫిర్యాదులు అందాయి. అంతకుముందు పదేళ్లలో ఏ ఏడాదీ ఆ నెలల్లో అన్ని రాలేదు. అవి కూడా ఫోను చేయగలిగినవాళ్లవి మాత్రమే. కొట్టే మనిషి పక్క గదిలోనే ఉంటే, ఉన్న ఒక్క ఫోనూ పిల్లల క్లాసుకు పోతే, ఫిర్యాదు ఎలా చేస్తారు? మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు మార్చి 22 నుంచి మూతపడి మే 6న తెరుచుకున్నాయి. ఆ ఆరు వారాలు తమ పెళ్లయ్యాక అన్నిటికన్నా ప్రశాంతంగా గడిచాయని చెప్పినవాళ్లు ఉన్నారు. గుడుంబా దొరికిన ఊళ్లలో ఆ భాగ్యమూ లేదు.

అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లకు నేను కూర్చుని మాట్లాడుకోండి అని చెప్పను. ముందు ప్రాణం. 181 మహిళల సహాయ నంబరు, పోలీసులకు 112. జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం దెబ్బలను మాత్రమే చూడదు. మాటలతో హింసించడం, డబ్బు ఇవ్వకుండా కట్టడి చేయడం కూడా హింసే అంటుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు భార్యకు ఉందంటుంది. లాయరుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోను చేసి అడగవచ్చు.

ఇప్పుడు మీ సంగతి. ఆయన లేని రోజుల్లో ఊపిరాడుతుందని రాసి, వెంటనే "నేను చెడ్డదాన్నా?" అని అడిగారు. కాదు బిడ్డా. రెండేళ్లు మీకంటూ ఒక గంట లేదు. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఆ రోజుల్లో స్నానాల గదిలోకి వెళ్లి, నల్లా తిప్పి వదిలేసి, బోర్లించిన బకెట్ మీద పది నిమిషాలు ఊరికే కూర్చునేది. ఇంట్లో ఒంటరిగా ఉండటానికి ఆమెకు దొరికిన చోటు అదొక్కటే. నీళ్ల చప్పుడు ఆగితే ఎవరో ఒకరు పిలుస్తారని భయం. మీకు ఆ పది నిమిషాలు కూడా దొరకలేదు, అందుకే ఇప్పుడు ఒంటరితనం తీయగా ఉంది. దాన్ని ప్రేమ చచ్చిపోయిందనడానికి సాక్ష్యంగా తీసుకోకండి. ఆ మూడు రోజుల్లో ఒక పూట మీకోసం గట్టిగా పట్టుకోండి. ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లోనూ ఒక గంట అలాగే అడిగి తీసుకోండి.

ఆయన వారం వారం వెళ్లి వస్తున్నారంటే పోయిన గుమ్మం మీకు తిరిగొచ్చిందన్నమాట. వెళ్లే రోజు ఆయన తనంతట తానే వెళ్లిపోతారనీ, వచ్చేసరికి మీరు పడుకుని ఉంటారనీ రాశారు. ఒక నెల పాటు ఆ రాత్రి మేలుకుని ఉండండి. అన్నం వడ్డించడానికి కాదు, అది ఆయన వడ్డించుకోగలరు. పక్కన కూర్చోవడానికి.

ఇంటిపని గురించి "సాయం చెయ్యి" అని అడగడం మానేయండి. సాయం అన్నప్పుడు పని మీదే అని ఒప్పుకున్నట్టే. ఒక పని మొత్తంగా అప్పగించండి. ఆయన ఉన్న నాలుగు రోజులూ పిల్లల సాయంత్రాలు ఆయనవి అనుకోండి. హోంవర్కు, తినేది ఏమిటి, అట్ట కావాలా, గోరింటాకు రంగు చొక్కా రేపు వేయాలా, అన్నీ ఆయనే గుర్తుపెట్టుకోవాలి. మొదటి రెండు వారాలు తప్పులు జరుగుతాయి. అట్ట లేకుండానే వాడు బడికి వెళ్తాడు. వెళ్లనివ్వండి, మధ్యలో దూరకండి. ఇది చెప్పడం తేలికే గానీ మీకు చాలా కష్టంగా ఉంటుందని తెలుసు.

మీ అన్నయ్య పెద్దమనుషులను కూర్చోబెడతానన్నారట. వద్దు. పంచాయితీలో ఎవరు తప్పు అని తేలుస్తారు. మీ ఇద్దరికీ కావలసింది తీర్పు కాదు. పదిమంది ముందు టీ గురించి చెప్పలేరు, చెప్పలేక మరో పెద్ద నేరం వెతుకుతారు, అది ఆయన మనసులో ముల్లై మిగులుతుంది. ఇలా చెడిన కాపురాలను నేను చూశాను. కౌన్సెలర్ దగ్గరికి ఆయన రాకపోతే మీరొక్కరే వెళ్లండి, ఒక్కరు వెళ్లినా పని జరుగుతుంది. నిద్ర పట్టడం లేదని రాశారు కాబట్టి మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 కూడా రాసిపెట్టుకోండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

విడిపోవడం గురించి సూటిగా చెబుతాను. ఇద్దరి ఇష్టంతో విడాకులకు హిందూ వివాహ చట్టం ప్రకారం ముందు ఏడాది విడిగా ఉండాలి, దరఖాస్తు వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను పరిస్థితిని బట్టి కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆ దారి ఎక్కడికీ పోదు, రేపూ ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో ఆయన మీద కోపం ఉంది, ఆయన దిగులు గమనించిన కళ్లూ ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయని, సంతకం చేసేటప్పుడు చెయ్యి వణుకుతోందని రాశారు. విడిపోవాలని తేల్చుకున్నవాళ్లు ఇవి రాయరు. అందుకే, అడిగారు కాబట్టి నా అభిప్రాయం, ఇప్పుడే కాదు.

మాట్లాడుకోవడం ఎలాగంటే, ఇంట్లో వద్దు. ఆ ఇంట్లోని ప్రతి గోడకూ ఆ రెండేళ్లు అంటుకుని ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికో, భద్రకాళి చెరువు కట్ట మీదికో వెళ్లండి. ఎదురెదురుగా కూర్చోవద్దు, పక్కపక్కన నడవండి. మొహం చూడనక్కర్లేనప్పుడు మగవాళ్లకు మాట తొందరగా వస్తుంది. ఒక ఆదివారం ఒకరే చెప్పాలి. రెండోవారు అడ్డు రాకూడదు, ఆ రోజు జవాబు చెప్పకూడదు. తేదీలతో చెప్పాలి. "నువ్వు ఎప్పుడూ ఇంతే" అనే మాట రాకూడదు. మీ వంతు వచ్చినప్పుడు ఆ కెమెరా సంగతి చెప్పండి, పిండి అంటిన చెయ్యితో సహా. కానీ మొదటి ఆదివారం ఆయనకు ఇవ్వండి.

ఎందుకో చెబుతాను. మీ ఉత్తరం పెద్దది. పెన్ను చప్పుడు గురించి పేజీన్నర ఉంది. దాని మధ్యలో, ఎక్కడా ఆగకుండా, ఒక్క వాక్యం ఉంది. "2021 మేలో మామయ్య పోయారు, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో తోడుగా మా వారే ఉన్నారు." తర్వాతి వాక్యంలో మళ్లీ టీ.

ఆ మే నెల మన ఊళ్లో ఎలా గడిచిందో నాకు తెలుసు. ఆక్సిజన్ పడకల కోసం తిరిగినవాళ్ల ఫోన్లు నాకూ వచ్చాయి. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి వెళ్లకూడదు. కట్టిన కట్టు విప్పి మొహం చూసుకోలేదు. పది మంది వచ్చి కూర్చుని ఏడ్చి వెళ్లే ఇల్లు కాదు, తలుపులు వేసుకున్న ఇల్లు. మీ వారు ఆసుపత్రి నుంచి వచ్చి నేరుగా మేడ మీది గదిలోకి వెళ్లిపోయారనీ, పద్నాలుగు రోజులు మీరు గడప దగ్గర కంచం పెట్టి దిగి వచ్చేవారనీ, తిన్నాక ఆయన తలుపు మీద వేలితో కొట్టేవారనీ వేరే చోట రాశారు. తండ్రిని పోగొట్టుకున్న మనిషి తలుపు ఇవతల, ఓదార్చవలసిన మనిషి తలుపు అవతల. మీకూ మామగారంటే ప్రాణం, రెండో గ్లాసు టీ ఆయనకే కదా పెట్టారు. ఆ పద్నాలుగు రోజుల్లో ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చుకున్నారు. తలుపు తెరిచాక ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. మీ మౌనం అక్కడ మొదలైందని నాకు అనిపిస్తోంది. టీ మీద కోపం అప్పటికే ఉంది, దుఃఖం పోయి దాని కింద దాక్కుంది.

కాబట్టి మొదటి ఆదివారం కట్ట మీద టీ మాట, డబ్బు మాట, పిల్లల మాట తేవద్దు. ఆ తొమ్మిది రోజులూ ఆసుపత్రి బయట రాత్రిళ్లు ఎక్కడ కూర్చున్నారో, ఏం తిన్నారో, నాన్న చివరిగా ఏం మాట్లాడారో అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన జవాబు చెప్పకుండా కట్ట చివరి దాకా నడిస్తే మీరూ నడవండి, వచ్చే ఆదివారం మళ్లీ అడగండి. చెప్పడం మొదలుపెడితే మాత్రం ఫోను మోగినా ఎత్తకండి, పొద్దెక్కిందని లేవకండి. ఆయన ముగించే దాకా అక్కడే ఉండండి. తర్వాత నాకు రాయండి.